కొస మడవని ఎర్ర టేపు

చనిపోయే ముందు బాబాయి చేసిన ఆఖరి పని ఒక టేపు పీకడం.

ఆ సంగతి సెగకి తప్ప అక్కడ ఎవరికీ పట్టలేదు. మిగతావాళ్ళకి సర్వర్ రూమ్ నేలమీద వెల్లకిలా పడివున్న ఒక పెద్ద వయసు ఇంజనీరు కనిపించాడు, అంతే. డాక్టరు వచ్చాడు, నాడి చూశాడు, గుండెపోటు అన్నాడు, చేతులు తుడుచుకున్నాడు. బాబాయి బొటనవేలికి అతుక్కుని ఉన్న ఎర్ర టేపు ముక్కని పట్టించుకోలేదు. మెడ మీద, చొక్కా కాలరు పక్కన ఉన్న సూదిపోటంత చుక్కని అసలే పట్టించుకోలేదు. అలాంటి డాక్టర్ని ఏమనాలో సెగకి చాలా మాటలు తెలుసు. ఆ సమయంలో ఒక్కటీ నోటికి రాలేదు.

ఆమె అసలు పేరు డిపార్ట్‌మెంట్ ఫైల్లో మాత్రమే ఉంది. కోపం వస్తే పక్కన నిలబడ్డవాళ్ళకి చెమటలు పడతాయని తోటి ఏజెంట్లు సెగ అని పిలవడం మొదలుపెట్టారు. తండ్రి పోయాక ఆమెనీ అక్కనీ పెంచింది ఈ బాబాయే. దేశంలోకెల్లా పెద్ద రైల్వే యార్డుకి నెట్‌వర్క్ చీఫ్. నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం బంగారం. అలాంటి మనిషిని పొద్దున్నే ఎవరో చంపి, పోతూ పోతూ లైటు కూడా ఆర్పేసి వెళ్ళారు.

"కూర్చో," అన్నాడు పెద్దాయన. గూఢచారి విభాగానికి ఆయనే అధిపతి.

"కూర్చోను."

"సరే, నిలబడే విను. ఒక విదేశీ ముఠా. పైకి కంపెనీ వేషం. మన సిగ్నళ్ళన్నీ వాళ్ళ వైడ్ నెట్‌వర్క్ మీద పెడితే ఒకే చోటినుంచి నడుపుతామంటున్నారు. మనవాళ్ళు కుదరదన్నారు. ఏ యార్డు సిగ్నళ్ళు ఆ యార్డు లోకల్ నెట్‌వర్క్ మీదే నడవాలన్నది పాలసీ."

"బాబాయి రాసిన పాలసీ."

"అవును. ఇప్పుడు ఆ లోకల్ నెట్‌వర్క్ పనికిరాదని నిరూపించాలి వాళ్ళకి. దానికి ఒక యాక్సిడెంట్ కావాలి. ఇవాళ మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్ యార్డులోకి వస్తుంది. పక్క లైన్లో పెట్రోలు ట్యాంకర్ల బండి ఆగి ఉంటుంది. బయటి లైను ద్వారా లోపలికి చొరబడి, బండి ఏ పట్టాలెక్కాలో తేల్చే పాయింట్లు మార్చేస్తారట."

"ఎవరు చెప్పారు?"

"ముత్యం." అది కోడ్ నేమ్. ముఠా కంపెనీలో కన్సల్టెంటుగా పనిచేస్తూ మనకి కబుర్లు మోసే మనిషి. అందగత్తె. ఆవిడ పేరెత్తితే పెద్దాయన గొంతు కాస్త మెత్తబడేది. సెగకి అదీ మండింది.

"ఎక్స్‌ప్రెస్‌ని ముందే ఆపెయ్యండి."

"ఆపితే ముఠా పసిగడుతుంది. ముత్యం ప్రాణం పోతుంది. పైవాళ్ళు ఒప్పుకోలేదు."

"ఆ బండి ఎవరు నడుపుతున్నారో తెలుసా సార్?"

పెద్దాయన కిటికీ వైపు చూశాడు. "తెలుసు. మీ అక్క."

"అంటే మా అక్కని, ఆ బండిలో ఉన్న జనాన్ని ఎరగా గుచ్చి కూర్చున్నారు. గాలం పట్టుకున్నవాళ్ళు మాత్రం ఏసీ గదిలో ఉన్నారు."

"సెగా, మాటలు జాగ్రత్త."

"బాబాయి పోయిన సంగతి దానికి ఇంకా తెలీదు సార్. డ్యూటీలో ఫోన్ ఆపేస్తారు. తెలియకుండానే వచ్చి చావమంటారా?"

పెద్దాయన ముందున్న ఫైలు మూశాడు. "నిన్ను పంపకూడదనుకున్నాను," అన్నాడు చివరికి.

"పంపకపోయినా వెళ్తాను," అని తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి యార్డు కంట్రోల్ బిల్డింగులోకి ఒక ఏసీ మెకానిక్ వచ్చింది. ఖాకీ ఓవరాల్, నూనె మరకల టోపీ, భుజాన మడత నిచ్చెన. చేతిలో గ్యాసు కొలిచే గేజీ. ఆ గేజీ గ్యాసు తప్ప అన్నీ కొలుస్తుంది. వైరుకి తగిలిస్తే అవతలి కొసలో ఉన్న యంత్రాన్ని పలకరిస్తుంది. ఎంతసేపట్లో బదులొచ్చిందో ముల్లు చూపిస్తుంది.

సర్వర్ రూమ్ తలుపు దగ్గర ఒకావిడ ఎదురైంది. ముత్యాల రంగు చీర, పొడుగాటి గోళ్ళకి అదే రంగు పాలిష్, కారిడార్ అంతా ఖరీదైన సెంటు వాసన.

"లోపల బాగా ఉక్కగా ఉందండీ," అందావిడ.

"గ్యాసు అయిపోయుంటుంది," అంది సెగ.

"నింపితే చాలా, మిషనే మార్చాలా?"

"మార్చాలంటే పైవాళ్ళని అడగాలి."

కోడ్ మాటలు సరిపోయాయి. ఈవిడే ముత్యం. ఆవిడ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "చనిపోయినాయన మీకు బాబాయట కదా. చాలా బాధగా ఉంది. మొండిమనిషే గానీ గొప్పవాడు. బయటినుంచి దాడి మొదలవగానే యార్డు డైరెక్టర్‌తో ఎర్ర టేపు వైరు పీకించండి. అంతే. బయటి దారి మూసేస్తే లోపల అంతా క్షేమం."

వినడానికి బాగానే ఉంది. సెగ తలూపింది. ఊపుతూనే ఆవిడ చేతుల వైపు చూసింది. గోళ్ళన్నీ ఒకే పొడుగు, కుడి చూపుడువేలిది తప్ప. అది మొదలంటా విరిగి ఉంది. ఇంత సోకు చేసుకునే మనిషి విరిగిన గోరుతో బయటికి వచ్చిందంటే, విరిగి ఎక్కువసేపు కాలేదన్నమాట.

సర్వర్ రూమ్‌లో బాబాయి కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. కుర్చీ వీపుకి ఆయన స్వెటర్ వేలాడుతోంది. సెగ దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏడుపొస్తుందని తెలుసు. ఏడిస్తే కోపం కరిగిపోతుంది, ఇప్పుడు ఆమెకి ఆ కోపంతో పనుంది.

ర్యాక్ నిండా వైర్లు. దాదాపు అన్నిటికీ నీలం టేపు. బాబాయి పద్ధతి అది. ఇంటి వైరుకి నీలం, ఊరి వైరుకి ఎరుపు. లోకల్ నెట్‌వర్క్ అంతా నీలం. బిల్డింగులోనూ యార్డులోనూ ఉన్న యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సొంత వైర్లు. రాజధానిలోని మెయిన్ కంట్రోల్‌కి వెళ్ళే వైడ్ నెట్‌వర్క్ లైనుకి మాత్రం ఎరుపు.

చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ హోమ్‌వర్క్ ఎగ్గొట్టి ఆయన పనిచేస్తుంటే చూసేవాళ్ళు. "ఇవన్నీ కంప్యూటర్ వైర్లే కదా, తేడా ఏంటి బాబాయ్?" అని అక్క అడిగింది ఒకసారి.

"ఇంట్లోవాళ్ళని పిలవాలంటే ఏం చేస్తావే? కేకేస్తావు. వెంటనే పలుకుతారు. ఆ కేక గోడ దాటదు, దాటకూడదు కూడా. అది లోకల్. పక్క ఊళ్ళో వాడితో మాట్లాడాలంటే? లైను మనది కాదు, ఎవడి దగ్గరో అద్దెకి తీసుకోవాలి. మధ్యలో నాలుగు ఆఫీసులు మారాలి. ఎంత గొప్ప లైనైనా కాస్త ఆగి పలుకుతుంది. అది వైడ్. దగ్గరివాడికి తొందరెక్కువ, దూరపువాడికి చూపెక్కువ. ఇద్దరూ కావాలి, ఇద్దరినీ కలిపెయ్యకూడదు. అర్థమైందా మొద్దుల్లారా?"

"మరి టేపు కొస ఎందుకు మడుస్తావు?" అని సెగ అడిగింది.

"రేపు తప్పు టేపు అంటించానని తెలిస్తే పీకొద్దూ? మడవకపోతే గోరు పెట్టి గీకాలి. గోళ్ళు విరుగుతాయి."

విరిగిన గోరు సెగ ఇందాకే చూసింది. ఆమె ర్యాక్ దగ్గరికి వంగింది. ఎర్ర టేపు వైరు ఒక్కటే ఉండాలి. రెండున్నాయి. ఒకదాని టేపు పాతది, కాస్త వెలిసింది, కొస బుద్ధిగా మడిచి ఉంది. రెండోదాని టేపు కొత్తగా నిగనిగలాడుతోంది. కొస మడవలేదు. దాని కింద, అంతకుముందు అంటించి ఎవరో ఆదరాబాదరాగా పీకిన ఎర్ర ముక్క అంచు ఇంకా అతుక్కునే ఉంది, గోరుతో గీకినా ఊడిరానట్టు.

ఆ పీకిన ముక్క మిగతా సగం బాబాయి బొటనవేలి మీద ఉంది.

గేజీ తీసి మొదట పాత వైరుకి తగిలించింది. బటన్ నొక్కింది. ముల్లు కాస్త తడబడి, కాస్త ఎక్కి, అప్పుడు నిలబడింది. రాజధాని పలికింది. దూరపువాడు పలికినట్టే, ఆగి పలికింది. తర్వాత కొత్త టేపు వైరుకి తగిలించింది. బటన్ మీద వేలు పూర్తిగా దిగకముందే బదులొచ్చేసింది. ముల్లు కదలనైనా కదల్లేదు.

బయటి ఊరినుంచి ఎవరూ అంత తొందరగా పలకరు. ఈ వైరు అవతలి కొస ఏ విదేశంలోనూ లేదు, ఈ కప్పు కిందే ఉంది. నీలం వైరుకి ఎర్ర టేపు వేసి, ఇంటిదొంగని బయటివాడిలా చూపిస్తున్నారు.

నిచ్చెన వేసింది. సీలింగు పలక ఒకటి పైకెత్తి టార్చి వేసింది. ఆ వైరు ఏసీ పైపుల పక్కనుంచి పాకుతూ గోడ దాటి, అవతలి కాన్ఫరెన్స్ రూమ్‌లోకి దిగింది. కన్సల్టెంట్ మేడమ్ ప్రజెంటేషన్ కోసం తెచ్చిన ప్రొజెక్టరు పెట్టె ఆ గదిలోనే ఉంది.

సెగ చొక్కా కాలరులోని మైకు నొక్కింది. "సార్, బయటినుంచి దాడేం లేదు. పెట్టె లోపలే ఉంది, లోకల్ నెట్‌వర్క్ మీద కూర్చుంది. యార్డు కంప్యూటర్‌ని గుప్పిట్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. మెయిన్ కంట్రోల్ వైడ్ లైను మీద అన్నీ గమనిస్తుంటుంది కదా, పాయింటు తేడాగా కదిలితే వాళ్ళు అన్ని బళ్ళనీ ఆపేస్తారు. అందుకే ఆ లైను మనచేతే పీకించాలని వీళ్ళ ప్లాను. పీకితే అడ్డు చెప్పేవాడు ఉండడు. ముత్యం మన మనిషి కాదు సార్."

"ఆధారం?"

"టేపు."

"టేపా?"

"కొస మడవని టేపు సార్. దానితోపాటు ఒక విరిగిన గోరు."

"సెగా, నువ్వు కోపంలో ఉన్నావు. ముత్యం ఎన్నేళ్ళుగా మనకి..."

"మీరు ఆలోచించుకుంటూ కూర్చోండి. మా అక్కకి అంత తీరిక లేదు." మైకు కట్టేసింది. ఇలాంటి మనుషులు బల్లల వెనక కూర్చుని ఎవరి ప్రాణానికి ఎంత విలువో తేలుస్తుంటారు. ఆ తేల్చేవాళ్ళలో ఒక్కడైనా ఎప్పుడైనా పట్టాల మీద నిలబడ్డాడా?

అప్పుడే అలారం మోగింది.

సర్వర్ రూమ్‌కీ కంట్రోల్ హాలుకీ మధ్య అద్దాల గోడ. హాల్లోని పెద్ద బోర్డు మీద ఎర్ర అక్షరాలు పరిగెడుతున్నాయి. బయటి లైనునుంచి చొరబాటు, బయటి లైనునుంచి చొరబాటు. బోర్డు ఎడమ చివర ఒక పచ్చదీపం మెల్లగా జరుగుతోంది. అది అక్క బండి. పక్క లైన్లో ట్యాంకర్ల బండి దీపం కదలకుండా ఉంది.

యార్డు డైరెక్టర్ లేచి నిలబడ్డాడు. మీటింగుల్లో తప్ప ఎక్కడా చెమట పట్టని మనిషికి ఇప్పుడు చొక్కా తడిసిపోయింది. "ఏం చెయ్యాలి? ఏం చెయ్యాలి మేడమ్?"

"వైడ్ లైను పీకెయ్యండి," అంది ముత్యం ఆయన భుజం పక్కనుంచి. "ఆలస్యం చేస్తే జనం చచ్చిపోతారు సార్. ఆ పాపం మీది."

ఆయన సర్వర్ రూమ్‌లోకి పరిగెత్తుకొచ్చాడు. వెనకే ఆవిడ. సెగ నిచ్చెన మీదినుంచి దూకి ర్యాక్‌కి అడ్డంగా నిలబడింది.

"అది పీకొద్దు!"

"ఏమ్మా, నీ ఏసీ నువ్వు చూసుకో!"

"పీకితే కొంప మునుగుతుంది. దొంగ లోపలున్నాడు, బయట కాదు. ఈ రెండో వైరు చూడండి..."

"సెక్యూరిటీ!" అని అరిచి డైరెక్టర్ ఆమెని పక్కకి తోశాడు. అక్షరం ముక్క వినలేదు. ఆయన జీవితంలో ఓవరాల్ వేసుకున్నవాళ్ళ మాట ఎప్పుడూ వినలేదు, ఇప్పుడెందుకు వింటాడు? ముత్యం వేలెత్తి చూపించిన, పాత టేపు ఉన్న ఎర్ర వైరుని పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

బోర్డు మీద ఎర్ర అక్షరాలు టక్కున ఆగిపోయాయి. డైరెక్టర్ ఊపిరి పీల్చుకుని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఉండగానే బోర్డు మీద ఒక గీత విరిగి పక్కకి తిరిగింది. పాయింట్లు మారాయి. అక్క బండి దారి తిన్నగా ట్యాంకర్ల లైన్లోకి కలిసింది. ముందున్న సిగ్నల్ మాత్రం పచ్చగానే వెలుగుతోంది, రా రమ్మన్నట్టు.

"ఇదేంటి? ఇదేంటి మేడమ్?"

మేడమ్ ఆయన వైపు చూడలేదు. చేతిలోకి ఒక బంగారు రంగు పెన్ను వచ్చింది. దాని కొసన సిరా లేదు, సన్నటి సూది ఉంది. "నువ్వు ఏసీ మెకానిక్‌వి కాదు," అంది సెగతో.

"బాబాయిని చంపింది ఆ పెన్నుతోనేగా?"

"నాలుగు మాటలతో పోయేదానికి పెద్ద గొడవ చేశాడు. ఆ టేపు చూడగానే తిట్లు లంకించుకున్నాడు."

సెగకి అరికాలి మంట నెత్తికెక్కింది. పెన్ను మెడ వైపు దూసుకొచ్చింది. ఆమె తప్పుకోలేదు, గేజీ అడ్డం పెట్టింది. సూది గేజీ అద్దానికి తగిలి విరిగింది. అదే గేజీతో ఆ మణికట్టు మీద ఒక్కటిచ్చింది. ఆవిడ కెవ్వుమని గోడ వెంట కిందికి జారిపోయింది. ఇంకా నాలుగు వెయ్యాలని సెగ చెయ్యి పైకి లేచింది. బోర్డు మీద పచ్చదీపం జరుగుతూనే ఉంది. చెయ్యి దించింది. అది దించడం ఆమెకి ఆ రోజు అన్నిటికంటే కష్టమైన పని.

ముందు కొత్త టేపు వైరు పట్టుకుని పీకేసింది. దగ్గరి వైరు కదా, దెబ్బ వెంటనే తగిలింది. ఆ క్షణంలోనే దొంగపెట్టె గొంతు ఆగిపోయింది. కానీ మారిన పాయింట్లు మారినట్టే ఉన్నాయి. యార్డు కంప్యూటర్ తలతిరిగి పడినట్టు ఉంది, అది మళ్ళీ లేచేసరికి ఎక్స్‌ప్రెస్ ట్యాంకర్ల మీద ఉంటుంది. రైలు రేడియో కూడా వైడ్ లైను మీదే నడుస్తుంది. బండిని ఆపగలిగేది ఇక మెయిన్ కంట్రోల్ ఒక్కటే.

నేలమీద పడివున్న పాత ఎర్ర వైరు తీసి సాకెట్లో గుచ్చింది.

ఏమీ జరగలేదు.

"పని చెయ్యట్లేదు!" డైరెక్టర్ తల పట్టుకున్నాడు.

"చేస్తుంది. దూరపువాడు. ఆగి పలుకుతాడు."

సాకెట్ పక్క దీపం మిణుకుమంది. ఆరింది. మళ్ళీ మిణుకుమంది. ఈ యార్డు పలకరింపు ఎవరిదో అద్దె లైను ఎక్కి, ఒక ఊరి ఆఫీసు దాటి, ఇంకో ఊరి ఆఫీసులో తానెవరో చెప్పుకుని, రాజధాని గుమ్మం తట్టాలి. వాళ్ళు గుర్తుపట్టాలి. తేడా చూడాలి. ఆపమని చెప్పాలి. ఆ మాట మళ్ళీ అన్ని చేతులూ మారి వెనక్కి రావాలి. కనురెప్ప కొట్టేంతలో అయిపోయే పనే అది, మామూలు రోజుల్లో అయితే. ఇవాళ లైను నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటోంది. సెగ ర్యాక్‌ని రెండు చేతులతో పట్టుకుంది. "పలుకు," అంది పళ్ళు నూరుతూ. "పలకవే దరిద్రపుదానా, పలుకు!"

పచ్చదీపం మలుపు దగ్గరికి వచ్చింది.

దీపం వెలిగి, నిలబడింది. బోర్డు మీద సిగ్నళ్ళన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. దూరంగా, కిటికీ అవతల, పట్టాల మీద చక్రాలు కీచుమంటూ అరవడం మొదలుపెట్టాయి. ఆ అరుపు ఆగేదాకా ఆ గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. ఎక్స్‌ప్రెస్ ఇంజను చివరి ట్యాంకరు ఎదురుగా వచ్చి ఆగింది. మధ్యలో ఒక మనిషి పడుకునేంత జాగా మాత్రం మిగిలింది.

రేడియో గరగరమంది.

"ఎవర్రా కంట్రోల్‌లో ఉంది?" అక్క గొంతు. వణుకుతూనే మండిపడుతోంది. "మెదడుందా మీకు? పచ్చ చూపించి, నన్ను తీసుకొచ్చి పెట్రోలు ముందు నిలబెడతారా? ఇంత జనాన్ని పెట్టుకుని వస్తున్నాను! మా బాబాయిని పిలవండి. ఆయన వచ్చి ఒక్కొక్కడి తోలు తీస్తాడు."

సెగ మైకు అందుకుంది.

"అక్కా, నేనే."

"నువ్వా? నువ్వక్కడేం చేస్తున్నావే? బాబాయి ఏడి? ఇవ్వు మైకు ఆయనకి."

"నువ్వు బండి దిగు. నేనే వస్తున్నాను."

"ఎందుకు? ఏమైంది?"

"వస్తున్నాను అక్కా. దిగి అక్కడే ఉండు."

అక్క మళ్ళీ అడగలేదు.

పెద్దాయన తన మనుషులతో వచ్చాక ముత్యం చేతులకి బేడీలు పడ్డాయి. ప్రొజెక్టరు పెట్టెలో దొంగ కంప్యూటరు దొరికింది. ముఠా కంపెనీ ఆఫీసు మీద దాడికి ఇంకో జట్టు బయల్దేరింది. డైరెక్టర్ ఒక మూల నిలబడి, తను ముందునుంచీ అనుమానిస్తూనే ఉన్నానని కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాడు. సెగ ఒక్క చూపు చూసేసరికి నోరు మూశాడు.

ఆమె బాబాయి సొరుగులోంచి ఎర్ర టేపు చుట్ట తీసింది. దాని కొస కూడా మడిచే ఉంది. రాజధాని వైరు మీద వెలిసిపోయిన పాత ముక్క తీసేసి, కొత్తది చుట్టి, చివర చిన్నగా మడిచింది. కుర్చీ మీది స్వెటర్ తీసి భుజాన వేసుకుంది. అక్కకి ఇవ్వాలి.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నాదే తప్పు. ముత్యాన్ని నమ్మాను, నిన్ను నమ్మలేదు."

"మా అక్కని కూడా పణం పెట్టారు. అది మర్చిపోయారు."

"అదీ నాదే." వైరు మీది కొత్త టేపు వైపు చూశాడు. "కొస ఎందుకు మడిచావు?"

"తప్పని తెలిసినరోజు సులువుగా ఊడిరావడానికి."

ఆయన మెల్లగా తలూపాడు. "మరి నా మీద కోపం ఎప్పటికి పోతుంది సెగా?"

సెగ అప్పటికే గుమ్మం దాటింది. పట్టాల వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"దానికి కొస మడవలేదు సార్."